వెనక్కి తోయకు

“వెనక్కి తోయకురా, ఎన్నిసార్లు చెప్పాలి?” గుమ్మంలోంచి తల్లి కేకేసింది.

ఛెవాంగ్ మోటారు సైకిలు ఆపి ఊపిరి వదిలాడు. రెండు క్వింటాళ్ల బరువు. నాలుగడుగులు వెనక్కి నెడితే వాకిట్లోంచి బయటపడుతుంది. ఆమె ఒప్పుకోదు. రోజూ బఠాణీ మడి చుట్టూ తిప్పుకుని రావాల్సిందే.

“నెడితే ఏమవుతుందే?”

“అరిష్టం. బండన్నాక ముందుకే పోవాలి.”

కొండలెక్కే బండని మోజుపడి కొన్నాడు. స్పితి లోయకొచ్చే యాత్రికులకు కనుమలన్నీ చూపిద్దామనుకున్నాడు. వాళ్లేమో ఫోన్లో దారి చూసుకుంటూ తమ బండ్ల మీదే వచ్చిపోతున్నారు. ఇప్పుడు బండికి రెండు పక్కలా ఉన్న రేకుపెట్టెల్లో పిడకలు, వెనక సీటు మీద గ్యాసుబండ.

“గుర్రమెక్కి పేడ ఏరుకునే మగాణ్ణి నిన్నే చూశాను,” అంటుంది భార్య యాంగ్‌జోమ్.

పైగా తల్లి. తెల్లారితే ఓ పని పురమాయిస్తుంది. కాజా టౌను బజారు నుంచి ఉప్పు తేవాలి, అవతలి ఊళ్లో పిన్నికి పెరుగిచ్చి రావాలి. ఇంట్లో ఉప్పు జాడీ నిండుగానే ఉంటుంది. తిరిగొచ్చాక ఉప్పు సంగతి అడగదు. “ఎంత దూరం పోయావు?” అంటుంది. దూరం ఎక్కువైతే ముఖం వెలుగుతుంది.

మతి పోయిందనుకున్నాడు ఛెవాంగ్. నిరుటిదాకా ఆమె చేతిలో మణిచక్రం తిరుగుతూనే ఉండేది. ఒక్కసారి తిప్పితే లోపలున్న కాగితపు చుట్టలోని మంత్రాలన్నీ చదివినట్టే. చిన్నప్పుడు దాన్ని ఎదురు తిప్పినందుకు ఛెవాంగ్ వీపు పగిలింది. భుజం పట్టేశాక ఆ చక్రం మేకుకెక్కింది. ఆ సాయంత్రం లోపలికి పోతుంటే అతని తల తగిలి, ఖాళీ డబ్బాలా మోగింది.

“బండి అమ్మేస్తున్నానమ్మా. మనాలి బేరగాడు రేపొస్తాడు. నా నడుము ఇంక ఓపలేదు.”

ఉప్పు టీ గిన్నె ఆమె నోటిదాకా వెళ్లి ఆగింది. “చిన్నదేదైనా కొంటావా?”

“బస్సుందిగా.”

“బస్సు మనది కాదుగా.” ఆమె గొణిగింది. “వెనక చక్రం ఉంచేసుకుని అమ్మరాదూ?”

యాంగ్‌జోమ్ ఫక్కున నవ్వింది. “హ్యాండిల్ కూడా ఉంచుకుందాం అత్తమ్మా, బట్టలారేసుకోవచ్చు.”

ముసలామె నవ్వలేదు. ఆ పూట బార్లీపిండి సాంపా ముద్ద ముట్టకుండానే అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఛెవాంగ్ లోబ్జాంగ్ పంచరు కొట్టు ముందు ఆగాడు.

“వెనక ట్యూబు మార్చు. కొనేవాడు ముందు టైరే తంతాడు.”

లోబ్జాంగ్ నసిగాడు. “ఆ చక్రం నేను విప్పనన్నా. మీ అమ్మ ఒట్టేయించుకుంది.”

“మా అమ్మకు నీ కొట్లో ఏం పని?”

“పోయిన వేసవిలో ట్యూబు వేసిన రోజు, పక్కనే కూర్చుంది.”

“మతి ఆమెకే పోయిందనుకున్నా, నీకూనా?” ఛెవాంగ్ టైరు విప్పే ఇనప పట్టీ లాక్కుని విసుగ్గా తనే టైరు ఒలిచి, ట్యూబు బయటికి లాగాడు.

రిమ్ము చుట్టూ అమ్మ మణిచక్రంలోని మంత్రాల కాగితం చుట్టి ఉంది.