ఏనుగు పాదం కింద

అది 1963. సెక్టర్ 6 క్వార్టరు వరండాలో పడుకున్న గురునాథరావుకి మెలకువ వచ్చింది. ముందుగదిలో ఎవరో ఇనుము మీద ఆకురాయి రాస్తున్నారు. విశ్వకర్మ పూజనాడు భిలాయిలో ఎవరూ పనిముట్టు ముట్టరు.

ఆ గదిలో ఉన్నది ఇనుప ఏనుగొక్కటే. ప్లాంటులో తనతో పనిచేసిన నూకరాజు, చనిపోయే ముందు, పారేసిన నట్లతో, తెగిన సైకిల్ చైనుతో చేశాడు దాన్ని. పాదం కింద అతని పేరు అరగదీసి, గురునాథరావు తన పేరు చెక్కుకున్నాడు. పొద్దున పూజ పందిట్లో ఎవరు చేశారని అడిగితే "నేనే" అన్నాడు. నూకరాజు భార్య తులసమ్మ ఏనుగు తొండం ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది.

లోపలికెళ్ళి లైటు వేశాడు. చప్పుడు ఆగింది. గదిలో ఎవరూ లేరు. ఏనుగు చుట్టూ సన్నటి ఇనుప రజను రాలి ఉంది. ఎత్తి చూస్తే, పాదం కింద తన పేరు సగం అరిగిపోయింది. వేలు పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"ఏటండీ ఆ చప్పుడు? ఈయేళ ఆకురాయి ముట్టకూడదని తెలీదేటి?" పక్కగదిలోంచి భార్య కేకేసింది.

తను కాదని చెబితే, మరెవరో కూడా చెప్పాలి.

"నేనే. పడుకో," అన్నాడు.