ఎవరికీ అక్కర్లేని గాలి తుపాకీ

అదిగో, అక్కడ, రాసుకో తల్లీ, ఆ తుపాకీ చెక్క మీద వాచీల మేస్త్రీ చెయ్యి పడింది. సరిగ్గా అప్పుడే గొట్టం మీద ఇంకో చెయ్యి పడింది. తలెత్తి చూస్తే ఏముంది, ఆ చెయ్యి స్వయానా ఆయన వియ్యపురాలిది.

"ఓహో, అన్నయ్యగారా!"

"ఓహో, చెల్లెమ్మగారా!"

ఇద్దరూ నవ్వారు. తుపాకీని మాత్రం ఇద్దరూ వదల్లేదు.

అది పాత సామాన్ల కొట్టు. కాళ్లు విరిగిన కుర్చీలకీ మోగని రేడియోలకీ మధ్య ఆ గాలి తుపాకీ గోడకి చేరబడి ఉంది. పాత గాలి తుపాకులంటే మేస్త్రీకి పిచ్చి. బడిలో డ్రిల్లు టీచరైన ఆ వియ్యపురాలికి అంతకు రెండింతల పిచ్చి. పైగా ఇది మామూలు తుపాకీ కాదు. గాలి బిగించే మీట పక్కన ఉన్న రకం. బొమ్మల్లో చూడ్డమే తప్ప ఇన్నేళ్లలో ఒక్కదాన్ని కూడా మేస్త్రీ తాకి ఎరగడు. లాక్కుందామా అంటే వియ్యపురాలాయె, కూతురు ఆ ఇంట్లోనే ఉందాయె. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆవిడకే ఇది వద్దనిపించాలి.

బల్ల వెనక కుర్చీలో లావుపాటి కళ్లద్దాలాయన ఒకడు ఈగలు తోలుకుంటున్నాడు. "చూడండి, చూడండి. తాపీగా చూడండి" అన్నాడు.

"ఏం చూడ్డం బాబూ!" అని మొహం చిట్లించాడు మేస్త్రీ. "ఈ మీట గొట్టం కింద ఉండాలి. పక్కకి పెట్టాడు. మొదటి ఏడాది ఇలాగే చేసి, అందరి వేళ్లూ నలుగుతుంటే మానుకున్నాడు కంపెనీవాడు."

"అంటే ఇలాంటివి ఎక్కువ లేవన్నమాట?" అన్నాడు కళ్లద్దాలాయన.

"ఎక్కువుంటే జనానికి వేళ్లుండొద్దూ!"

ఆ మాత్రం ఎత్తు వియ్యపురాలికి తెలియదా? ఆవిడ ఇంకో మెట్టు పైకెక్కింది. "అన్నయ్యగారు మొహమాటస్తులు, మెత్తగా చెప్తున్నారు. ఈ చెక్క చూడండి. పట్టు జారకుండా గళ్లు చెక్కారు. అవీ చేత్తో! ఒక గీత అటు పోతే ఇంకోటి ఇటు పోయింది. మర మీద చెక్కినవైతే ఎంత ముచ్చటగా ఉండేవీ!"

"చేత్తోనా?" అని కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడాయన.

మేస్త్రీకి పౌరుషం వచ్చింది. జేబులోంచి సుద్దముక్క తీసి ఇనుము మీద రుద్దాడు. అరిగిపోయిన అంకెలు తెల్లగా పైకి తేలాయి. "ఇదిగో, సుద్ద రాస్తేగానీ కనపడి చావదు. మీట మీద నంబరు, గొట్టం మీద నంబరు, ట్రిగ్గరు మీద కూడా నంబరు. ఏం చాదస్తమండీ ఇది!"

"అన్నీ ఒకటేనా?" వియ్యపురాలూ కళ్లద్దాలాయనా ఒక్కసారే అడిగారు.

"ఒకటే!" అని గంతేసినంత పని చేసి, గభాల్న నాలుక కరుచుకున్నాడు మేస్త్రీ. "అదే... అంత దరిద్రం అని చెప్తున్నా. ఒక్క ముక్కయినా మార్చి బాగుచేసిన పాపాన ఎవడూ పోలేదు."

"ఎందుకు పోతారు? ఈ స్క్రూలు చూడండి, బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. దీన్ని విప్పి చూసిన నాథుడే లేడు" అని ఆవిడ మీటని చిన్నగా లాగి, చెవి ఆనించి విన్నది. చెంపలు ఎర్రబడ్డాయి. "లోపల తోలు వాషరు కూడా పుట్టినప్పటిదే. ఇంత ముసలిదైనా ఒక్క చుక్క గాలి బయటికి వదలదు. ఒట్టి పిసినారి తుపాకీ!"

పిసినారి తుపాకీ అనేసరికి మేస్త్రీకి నవ్వు పొంగుకొచ్చింది. ఆపుకుందామంటే ముక్కులోంచి తన్నుకొచ్చింది. "బట్టలారేసుకోడానికి కూడా పనికిరాదు చెల్లెమ్మగారూ!"

"పొయ్యిలో పెడితే పొయ్యి ఆరిపోతుంది అన్నయ్యగారూ!"

"కుక్కని అదిలిస్తే కుక్క నవ్వుతుంది!"

"దీంతో గురి చూస్తే ఎదురుగా ఉన్న గోడ తప్పుకుంటుంది!"

ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొట్టలు పట్టుకున్నారు. అయినా రెండో చేతులు తుపాకీ మీదే ఉన్నాయి.

కళ్లద్దాలాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే ఒక్క మాట చెప్పండి. ఇది మీలో ఎవరికైనా కావాలా?"

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఇంత తిట్టాక కావాలని ఏ నోటితో అంటారు? అవతలివాళ్లని సాగనంపి, ఏదో మర్చిపోయినట్టు ఒక్కడే తిరిగి రావచ్చులే అనుకున్నాడు మేస్త్రీ. ఆవిడ చూపు చూస్తే ఆవిడా అదే లెక్కలో ఉందని తెలుస్తూనే ఉంది.

"నాకొద్దు" అంది వియ్యపురాలు, చెయ్యి తీసేస్తూ.

"నాకసలే వద్దు" అన్నాడు మేస్త్రీ, తనూ చెయ్యి తీసేస్తూ.

కళ్లద్దాలాయన హమ్మయ్య అంటూ లేచాడు. తుపాకీని పసిబిడ్డలా చంకనేసుకుని లోపలి గది వైపు కేకేశాడు. "ఏమండోయ్ షావుకారుగారూ, భోజనం అయిందా? వచ్చి మీ కుర్చీలో మీరు కూర్చోండి. ఇది కొనాలా వద్దా అని పొద్దున్నుంచీ కొట్టుకుంటున్నానా, ఇదిగో, ఈ మహానుభావులిద్దరూ వచ్చి ఇంచీ ఇంచీ పరీక్ష చేసిపెట్టారు. నేను తీసుకుంటున్నా!"

రాశావా తల్లీ? ఇంక మీ మేనత్తకి ఫోను చేసి, వాళ్ల అత్తగారికి ఇమ్మని, మొత్తం చదివి వినిపించు. చెల్లెమ్మగారే ముందు వద్దన్నారని ఉన్నచోట మాత్రం కాస్త గట్టిగా చదువు.