తెల్లకారు కింద ముత్యాలయ్య

మైపాడు బీచికి ఆదివారం వచ్చే కార్లలో దేని కింద పడాలో ముత్యాలయ్యకు దూరం నుంచే తెలిసిపోతుంది. కుర్రాళ్లు నడిపేవి పనికిరావు, వాళ్లు ఆపరు. టాక్సీలూ వద్దు, డ్రైవర్లు కొట్టడానికి వస్తారు. బండి పెట్టుకునే చోటు కోసం వెతుక్కుంటూ మెల్లగా పోయే సొంత కారు అయితే మేలు.

బానెట్ మీద అరచేత్తో గట్టిగా చరిచి, మోచేయి ఆనించి దొర్లడమే పని. ఆ వెంటనే సరుగుడు తోపు వైపు నుంచి భార్య అంకాలమ్మ గుండెలు బాదుకుంటూ వస్తుంది. జనం మూగుతారు. సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లకు పోలీస్ స్టేషన్ చూడాలని ఉండదు. ఎంతో కొంత చేతిలో పెట్టి వెళ్లిపోతారు. సముద్రంలో చేపల వేట ఆపేసే వేసవిలో, పూట గడవక మొదలుపెట్టాడు. పడవలు మళ్లీ కదిలాక కూడా మానలేదు.

ఆ ఆదివారం సాయంత్రం ఒక తెల్లకారు వచ్చింది. లోపల ఒక్కడే, నున్నగా తల దువ్వుకున్న పెద్దమనిషి. నడిచే మనిషి కంటే నిదానంగా నడుపుతున్నాడు. ఇంత అనువైన కారు ముత్యాలయ్యకు ఎప్పుడూ తగల్లేదు. పడ్డాడు.

"చంపేసినాడే నా మొగుణ్ణి!" అంటూ అంకాలమ్మ పరిగెత్తుకొచ్చింది.

పెద్దమనిషి గబగబా దిగాడు. వాదించలేదు.

"తప్పు నాదేనమ్మా, చూసుకోలా," అన్నాడు అందరికీ వినబడేలా. "లైటు పగిలిపోయిందంటే ఎంత గట్టిగా తగిలిందో! మీరంతా చూసినారు గదా?"

ఎవరూ చూడలేదు. అయినా చూశామన్నారు.

ముత్యాలయ్య తలెత్తాడు. నిజంగానే ఎడమ లైటు పగిలి ఉంది. బానెట్ సొట్టపోయింది. ఇన్నాళ్లలో తన వల్ల ఏ కారుకూ గీత కూడా పడలేదు. బాగుచేయించే ఖర్చు అడుగుతాడేమోనని గుబులు పుట్టింది.

"పర్లేదు సార్. మందులకేదన్నా ఇస్తే పోతాం," అన్నాడు.

"అదెట్టా కుదురుద్ది? లోపల ఏం దెబ్బ తగిలుండాదో. ఆస్పత్రికి పోవాల, పోలీసులకు చెప్పాల."

ఫోన్ కూడా ఆయనే చేశాడు. ఇంత మంచివాడు ఎదురైతే ఏం చేయాలో ముత్యాలయ్య ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

నెల్లూరులో ఆస్పత్రి మంచం దగ్గరికే కానిస్టేబుల్ గంగాధరం వచ్చి ఫిర్యాదు రాసుకున్నాడు. తన తొడకు తగిలి లైటు పగిలిందని, భుజం తగిలి బానెట్ సొట్టపోయిందని ముత్యాలయ్య చెప్పాడు. ఎక్కడైనా తడబడితే పెద్దమనిషే అందించాడు. ఆయన పేరు చంద్రమౌళి. రోగికి, భార్యకు ఇడ్లీలు పంపించి మరీ వెళ్లాడు.

పక్క మంచం మీద కొడవలూరు రైతు హజరత్తయ్య స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే హైవే మీద సైకిల్‌పై వస్తుంటే ఏదో కారు గుద్దేసి, ఆగకుండా పోయిందట. తల నిండా కట్లు. కాలు విరిగింది. భార్య ప్రమీలమ్మ ఆ కాలి దగ్గరే కూర్చుని ఉంది.

"మీకు తగిలినాయన దేవుడమ్మా," అంది అంకాలమ్మతో. "మాకు తగిలినోడికి ఆగి చూసే మనసన్నా లేకపాయ."

"బాధపడబాకక్కా. దొరక్కుండా యాడికి పోతాడు?" అంటూ అంకాలమ్మ తమ ఇడ్లీల్లో సగం ఆమె చేతిలో పెట్టింది.

కారు నిజంగా గుద్దితే మనిషి ఎలా ఉంటాడో ముత్యాలయ్య అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అటు చూడలేక గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే గంగాధరం మళ్లీ వచ్చాడు, ఈసారి ప్రమీలమ్మ కోసం.

"గుద్దింది తెల్లకారని చూసినోళ్లు చెప్పినారమ్మా. రోడ్డు మీద లైటు ముక్కలు దొరికినాయి. అట్టాంటి కారు ఒకటి కనపడింది గానీ, అది కాదులే."

"ఎందుకు కాదు సార్?"

"దాని లైటు పగిలింది ఈయన మీద. ఈయనే సంతకం పెట్టినాడు," అని గంగాధరం ముత్యాలయ్యను చూపించాడు.

ప్రమీలమ్మ కళ్లు తుడుచుకుంది. "పోనీలేన్నా, పాపం ఆ మంచాయన మీదికి నింద రాకుండా చేసినావు."

 ముత్యాలయ్య మంచం దిగాడు. అంకాలమ్మ చొక్కా పట్టుకుని ఆపబోయింది. పక్క మంచం వైపు చూసి, వదిలేసింది. దెబ్బ తగిలిందన్న కాలితో మామూలుగా నడుచుకుంటూ అతను కానిస్టేబుల్ ఎదుట నిలబడ్డాడు.

"సార్, నాకే దెబ్బా తగల్లా. కావాలనే పడినా. ఆ లైటు నా వల్ల పగల్లేదు. మైపాడు రోడ్డు మీద ఒక్క ముక్క దొరుకుద్దేమో చూసుకోండి."

గంగాధరం అక్కడికి మనిషిని పంపి వెతికించాడు. ఒక్క ముక్కా దొరకలేదు. నారింజపండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చిన చంద్రమౌళి పండ్లు ఇవ్వకముందే కారు తాళాలు ఇవ్వాల్సి వచ్చింది. జీపు వచ్చేదాకా ఇద్దరినీ వరండాలో ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు.



"అన్ని కార్లుండంగా, నా ఖర్మకు మీ కారే దొరికింది సార్," అన్నాడు ముత్యాలయ్య.

చంద్రమౌళి నిట్టూర్చాడు.

"ఖర్మేం కాదు ముత్యాలయ్యా. పోయినేడు నువ్వు నా పాత ఎర్రకారు కింద పడలా? అది గుర్తొచ్చే, హైవే మీద ఆయన్ని గుద్దినాక నేరుగా మైపాడు వచ్చి, నువ్వెప్పుడు పడతావా అని ఆ రోడ్డు మీదే తిరగతా ఉన్నా."