తుప్పు కన్నంలోంచి రోడ్డు

మా బావ పాతకారు ఏనుగంత ఉంటుంది. తుప్పు దాన్ని చెదలా తినేసి, డ్రైవరు కాళ్ల దగ్గర అరచేతంత కన్నం పెట్టింది. అందులోంచి కింద రోడ్డు కనబడేది. కంపెనీవాళ్లకి మొరపెట్టుకుంటే, "పాత బండి కదండీ" అన్నారట.

ఒక రాత్రి ఊరి బయట ఇంజను ఆగిపోయింది. బావకి నడుంనొప్పి, నాకు బద్ధకం. తోయడానికి అక్కే దిగింది.

బావ కన్నంలోకి టార్చి వేశాడు. "ఒరేయ్, బండి ఆగే ఉందిగా?"

"ఆగే ఉంది బావా. ఆ పక్క చెట్టు చూడు, కదిలిందా?"

"మరి రోడ్డు పరిగెడుతోందేమిట్రా?"

నవ్వుతూనే వంగి చూశాను. తెల్లగీతలు చప్పుడు లేకుండా వెనక్కి జారిపోతున్నాయి.

"ముందు మీ అక్కని ఎక్కమను!"

అద్దం దించి కేకేశాను.

"తోస్తూనే ఉన్నాన్రా, అంగుళం కదలదేం!" అంది అక్క. ఆ గొంతు ఎక్కడో మైలు దూరం వెనకనుంచి వచ్చింది.