నిండు మూర

కడుపులోనే ఎముకలు సరిచేసే మందు వచ్చాక పుట్టిన వాళ్లందరి చేతులూ ఒకటే పొడవు. పూలబజారులో ఏ కొట్టుకెళ్లినా మూరంటే మూరే. పైడమ్మ మాత్రం ఆ మందుకు ముందు పుట్టిన మనిషి. ఆమెకు పుట్టుకతోనే కుడి మోచేతి కింద ఎముక కురచ. అందుకే దండలు ఆమె కడుతుంది, కూతురు హైమ కొలుస్తుంది.

ఆ రోజు హైమతో చదువుకున్న శ్రావ్య కొట్టు ముందు ఆగింది. పైడమ్మ ఏదో ధ్యాసలో మల్లెదండ తీసి తన మోచేతికే ఆనించింది.

"అయ్యో, అదేం చెయ్యే! ఎవరే ఈవిడ?"

"మా దగ్గర పూలు కడతాది," అనేసింది హైమ.

అన్నాక చెవులు భగ్గుమన్నాయి. తన చెయ్యి ఇంత తిన్నగా రావాలని వారం వారం ఆసుపత్రికెళ్లి కడుపులో సూదులు పొడిపించుకున్నది ఈ మనిషే. అమ్మ నలుగురిలో తిట్టినా బాగుణ్ణనిపించింది.

పైడమ్మ కురచ చేతిని కొంగులో దాచుకుంది. రెండో చేత్తో దండ కూతురికి అందిస్తూ, తలెత్తకుండా అంది:

"మీరే కొలవండి, అమ్మగారూ."