నొప్పి లేని భుజం

“ఏం పని చేస్తారు మీరు?” సిరంజిలోకి మందు లాగుతూ అడిగాడు డాక్టర్.

“కూర్చుని చేసేదేనండీ” అన్నాడతను.

అబద్ధం కాదు. సర్కస్ గుడారం కప్పుకి దగ్గరగా, ఊయల మీద కూర్చుంటాడు. కాకపోతే ఆ తర్వాత మోకాళ్లు మడిచి తలకిందులుగా వేలాడి, గాల్లో ఎగిరొచ్చే భార్యని రెండు చేతులా అందుకుంటాడు. అక్కడ అందరూ అతన్ని క్యాచర్ అనే పిలుస్తారు.

“ఈ భుజానికి ఇంతకు ముందెప్పుడైనా ఇంజెక్షన్ వేయించుకున్నారా?”

“లేదండీ.”

ఇది మాత్రం పచ్చి అబద్ధం. డేరా వేసిన ప్రతి ఊళ్లోనూ ఒక డాక్టర్ని వెతుక్కుని పొడిపించుకుంటూనే ఉన్నాడు.

సూది దిగింది. కాసేపటికే, భుజంలో రగులుతున్న నిప్పు మీద ఎవరో చన్నీళ్లు చల్లినట్టయింది. చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. దూదిలా లేచింది.

“అప్పుడే సంబరపడకండి” అన్నాడు డాక్టర్. “ఈ హాయి మత్తుమందుది. అందులో కలిపిన స్టెరాయిడ్ మెల్లగా వాపు తీస్తుంది. మంచి మందే. కానీ పదేపదే వేస్తే కండని ఎముకకి కట్టి ఉంచే తాడు పీచులా అయిపోతుంది. నొప్పి కాపలా కుక్క లాంటిది. మనం దాన్ని జోకొట్టాం, అంతే. దొంగని పట్టుకోలేదు. కొన్ని వారాలు ఈ చేత్తో నీళ్ల బకెట్ కూడా ఎత్తకూడదు.”

“బకెట్ జోలికే పోనండీ.”

గుడారం వెనక భార్య అరచేతులకి సుద్దపొడి రాసుకుంటోంది. మేనమామ కూతురు. పెళ్లయినా పిలుపు మారలేదు.

“మాట్నీ మొదలవుతుంటే ఎక్కడ తిరుగుతున్నావు బావా?”

“క్షవరానికెళ్లా.”

“జుట్టు అలాగే ఉందే!”

“జనం ఉన్నారని వచ్చేశా.”

“జనం ఉంటే నువ్వు వచ్చే రకమా? అక్కడే కూర్చుని కబుర్లు చెప్పవూ? మొహమేంటి, అలా వెలిగిపోతోంది?”

“నిన్ను చూసి.”

“చాల్లే, సంబడం!”

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె ఎగరదు. ఎగరకపోతే రేపీ ఊయల వేరే జంటది. వాళ్లు యజమాని చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. తనూ సుద్దపొడి అందుకున్నాడు.

కింద వల ఉంది. కానీ వంకరగా పడితే వలలోనూ మెడ విరుగుతుంది. అయినా అతనికొక ధైర్యం. పట్టు ఒక్కరిది కాదు. అతను ఆమె మణికట్లు పట్టుకుంటే, ఆమె అతని మణికట్లు పట్టుకుంటుంది. తన చెయ్యి ఒకటి మొరాయించినా ఆమె వదలదు. ఉడుంపట్టు.

తలకిందులుగా వేలాడగానే లోకం మెత్తబడింది. దీపాలు కాళ్లకింద నక్షత్రాలయ్యాయి. జనం తల మీద సముద్రంలా కదులుతున్నారు. బ్యాండు మోత నీళ్లడుగు నుంచి వస్తున్నట్టుంది. ఊయల ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఎక్కడా నొప్పి లేదు. తనకసలు ఒళ్లే లేదేమో, ఇదంతా ఎవరికో వస్తున్న కలేమో అనిపించింది.

అవతలి మెట్టు మీంచి ఇంకో ఊయల పట్టుకుని ఊగివచ్చి, ఆమె పట్టు వదిలింది. తెల్లటి ఈకలా గాల్లో ఒక గిరికీ, ఇంకో గిరికీ. చేతులు చాచుకుంటూ, నవ్వుతూ, ఎంతో తీరిగ్గా అతని వైపు తేలి వచ్చింది.

నాలుగు చేతులూ కలిశాయి. జనసముద్రం హోరెత్తింది.

అప్పుడే భుజం లోపల పాతగుడ్డ చిరిగినట్టు చిన్న చప్పుడు. నొప్పి లేదు. ఆ చెయ్యి ఇంకెవరిదో అయినట్టు, తన కళ్లముందే కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఆమె బరువంతా ఎడమ చేతి మీదికి ఒరిగింది.

కల చెదిరిపోయింది.

“నా కుడి చెయ్యి పోయిందే! నువ్వు పట్టుకో! గట్టిగా పట్టుకో!”

ఆమె తల పైకెత్తింది. మొహంలో నవ్వు ఆరిపోయింది.

“నేనా? నా రెండు మణికట్లకీ నిన్ననే ఇంజెక్షన్లు వేయించుకున్నాను బావా... నువ్వు పట్టుకుంటావులే అని!”