రెండో కుట్టు

“కింద మడత విప్పెయ్యి నాయనా,” అంది పెద్దావిడ, కొత్త జీన్స్ ప్యాంటును కుట్టు మిషను మీద పెట్టి.

దర్జీ నవ్వాడు. “అదేంటి పిన్నీ? నిచ్చెనలాంటి మీ పొడుగు కొడుక్కి మొన్నే కదా కొలతలు తీసి కుట్టాను. ఎన్ని కొట్లు తిరిగితే దొరికిందో ఈ గుడ్డ. రోజూ కరెంటు స్తంభాలెక్కి దిగినా మోకాళ్ల దగ్గర చిరగదు.”

“గుడ్డ బాగుంది. పొడవే చాలదు. పాదాలు కప్పాలి.”

“పాదాలు కప్పితే కాలికి అడ్డంపడి బోర్లా పడతాడు. తర్వాత నన్ను తిడతావు.”

ఆవిడ ప్యాంటు అంచును వేళ్లతో నిమురుతూ ఉండిపోయింది.

“చిన్నప్పట్నుంచీ వాడికి ఏ ప్యాంటూ చీలమండ దాటి రాలేదు. ‘ఏరు దాటొచ్చావా’ అని పనిలో అందరూ ఆటపట్టించేవాళ్లు. నవ్వేసేవాడు గానీ, ఎవరైనా ఇంటికొస్తే కాళ్లు మంచం కిందికి లాక్కునేవాడు. ఇప్పుడు ఊరంతా వాణ్ణి చూడ్డానికి వస్తోంది. వాడు లాక్కోలేడు కదా.”

దర్జీ నవ్వు ఆగిపోయింది.

“పొద్దున స్తంభం మీదే కరెంటు కొట్టి పోయాడు నాయనా.”

అతను మడత విప్పి, అంచు సాఫుచేసి, మిషను తొక్కాడు. ఒక కుట్టు పూర్తయింది. దాని పక్కనే రెండోది మొదలుపెట్టాడు.

“ఒకటి చాల్లే. ఇక అరిగేదేముంది?”

“వాడి బట్టల్ని నేనెప్పుడూ ఒంటి కుట్టుతో పంపలేదు పిన్నీ,” అన్నాడు దర్జీ, తల ఎత్తకుండా.